ఒకే ఫోన్ నంబర్ మీద తొమ్మిది మంది

2023 ఎండాకాలం. ఖమ్మం బస్టాండుకు దగ్గర్లో ఒక మందుల షాపు పైగదిలో నా డిజిటల్ మార్కెటింగ్ ఆఫీసు. పగలు వ్యాపారులకు సోషల్ మీడియాలో ప్రకటనలు నడిపేదాన్ని, సాయంత్రం కుర్రకారుకు అదే పని నేర్పేదాన్ని. ఆ రోజుల్లో నా దగ్గరికి వచ్చిన క్లయింట్ ఖాదర్ భాయ్. తాతల నాటి నుంచి దర్జీ పని చేసుకొస్తున్న కుటుంబం వాళ్లది. ఆయన బడిపిల్లల యూనిఫాంలు కుట్టే యూనిట్ కొత్తగా పెట్టారు. ఆడపిల్లలకు కుట్టుమిషన్ మీద ట్రైనింగ్, ఉండటానికి హాస్టల్, నేర్చుకున్నాక అక్కడే ఉద్యోగం.

"శనివారం లోపల బ్యాచ్ నిండాలె బేటా. లేకపోతే ఏజెంటుకు చెప్పి బయటి రాష్ట్రం నుంచి మనుషుల్ని తెప్పించుకుంట. ఆర్డర్ నా కోసం ఆగదు కదా," అన్నారు.

ఉద్యోగాలు ఈ చుట్టుపక్కల పిల్లలకే ఇవ్వండని ఆయన్ని పీడించింది నేనే. అందుకని ఆ శనివారం గురించి ఆయనకంటే నాకే ఎక్కువ బెంగ పట్టుకుంది.

మేము నడిపినది లీడ్ యాడ్. ప్రకటన కిందే పేరు, ఊరు, ఫోన్ నంబర్ నింపే వీలుంటుంది. అలా నింపిన ప్రతి మనిషినీ మా భాషలో లీడ్ అంటాం. వాళ్లకు ఫోన్ చేసి మాట్లాడేది టెలికాలర్. ప్రకటన ఏ ప్రాంతం వాళ్లకు కనిపించాలో ఎంచుకోవడం టార్గెటింగ్. నేను జూలూరుపాడు నుంచి బూర్గంపాడు దాటి అడవి పల్లెల దాకా ఎంచుకున్నాను.

జూలూరుపాడు వైపు పిల్లలు కొందరు ఖాయమయ్యారు. బుధవారం మా టెలికాలర్ స్వప్న విసుగ్గా వచ్చింది.

"మేడం, బూర్గంపాడు వైపు ఆపేద్దాం. ఒకే నంబర్ మీద తొమ్మిది పేర్లు వచ్చినయి. సాఫ్ట్‌వేర్ ఎనిమిదింటిని డూప్లికేట్ అని కొట్టేసింది. ఉన్న ఒక్కదానికి చేస్తే అసలు కలుస్తనే లేదు. ఎవరో టైంపాస్‌కు నింపిండ్రు."

డూప్లికేట్లను తీసేయడం మామూలుగా మంచి పద్ధతే. ఒకే మనిషి నాలుగుసార్లు నింపితే నాలుగుసార్లు ఫోన్ చేసి తిట్లు తినే బాధ తప్పుతుంది. కానీ నేను ఆ పేర్లు చదివాను. కుంజా జ్యోతి, సోడె రమాదేవి, మడకం భద్రమ్మ... టైంపాస్ చేసేవాడు ఇన్ని ఇంటిపేర్లు వెతికే కష్టం పడడు. నాకు పట్టుదల వచ్చింది. మా ఇంట్లో దాన్ని వేరే మాటతో పిలుస్తారు, అది ఇక్కడ రాయను.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి బూర్గంపాడులో దిగి, అక్కడి నుంచి ఆటోలో అడవి దారి పట్టాను. ఆ నంబర్ పాయం లక్ష్మిది. ఊరి మొదట్లో చిన్న కిరాణా కొట్టు నడుపుతోంది. నన్ను చూసి కంగారు పడింది.

"అవ్, నా నంబరే. ఏంది మేడం, తప్పేమన్న అయ్యిందా?"

"తొమ్మిది మంది పేర్లకూ ఇదే ఇచ్చారేంటి?"

"పెద్ద ఫోన్ మా వాడల నాదొక్కదే. గుట్ట ఎక్కితేనే సిగ్నల్. పొద్దుగూకంగ పిల్లలంత నాతోని ఎక్కి వరసగ నింపిండ్రు. కిందికొచ్చినంక మీరు చేస్తే ఎట్ల కలుస్తది? ఫోన్ ఒక్కటైతే మనుషులు గూడ ఒక్కటైతరా?"

నాకు నవ్వూ వచ్చింది, సాఫ్ట్‌వేర్ మీద కోపమూ వచ్చింది. కాసేపట్లో పిల్లలు వచ్చారు. వాళ్లలో వాళ్లు కోయ భాషలో మాట్లాడుకుని, చివరికి జ్యోతి అనే అమ్మాయిని ముందుకు తోశారు.

"నింపినం గానీ వస్తమో రామో తెల్వదు మేడం. తెల్వని చోటికి పంపితే గదిల పెట్టి బయట గడియేస్తరేమోనని మా అమ్మ ఏడుస్తుంది. ఇంకోటి, విత్తనాల పండుగకు ఇంటికి పంపిస్తరా?"

ఆ పండుగ చేసుకోనిదే అక్కడ కొత్త పంటకు విత్తనం వేయరు. ఇంటి పిల్లలు ఆ రోజు ఇంట్లో ఉండాలని పెద్దల పట్టు.

"ఎన్నో తారీఖు?" అన్నాను.

అందరూ నవ్వారు. "తారీఖు ఉండదు మేడం. పెద్దలు కూసొని చెప్తరు. చెప్పినంకనే తెలుస్తది," అంది లక్ష్మి.

మిట్టమధ్యాహ్నం ఎండలో అందరం గుట్ట ఎక్కాం. ఖాదర్ భాయ్‌కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

"సెలవుదేముంది, ఇస్త. తారీఖు చెప్పు. ట్రైనింగ్ మధ్యల తొమ్మిది మంది ఒక్కసారి లేస్తే మిషన్లు ఖాళీ పడతయి. జర ముందుగాల తెలియాలె."

"తారీఖు లేదు భాయ్. ఊరి పెద్దలు చెప్పాలి."

"తారీఖు లేని పండుగ ఏందమ్మా? పరేషాన్ చేయకు."

ఎండకో, విసుగుకో, నాకు నోరు ఆగలేదు. "మీ రంజాన్ పండుగ ఏ రోజో నెల ముందు చెప్పగలరా భాయ్? నెలవంక కనిపించేదాకా మీరూ ఆకాశం వైపు చూడాల్సిందే కదా!"

సిగ్నల్ పోయిందనుకున్నాను. క్లయింటే పోయాడేమోనని కూడా అనుకున్నాను. తర్వాత పెద్దగా నవ్వు వినిపించింది.

"దొరకబట్టినవ్ బేటా! సరే, పెద్దలు చెప్పిన్నాడే నాకు చెప్పమను. బస్సు చార్జీలు నేనే ఇచ్చి పంపిస్త."

పిల్లల అమ్మానాన్నలతో మాట్లాడి, నచ్చకపోతే తిరిగి తీసుకొచ్చే పూచీ నాదని చెప్పి వచ్చాను. శుక్రవారం లక్ష్మి తొమ్మిది మందినీ వెంటబెట్టుకుని ఖమ్మంలో దిగింది. ఆ సాయంత్రం సాఫ్ట్‌వేర్ కొట్టేసిన పేర్లన్నీ స్వప్న చేత్తో మళ్లీ ఎక్కించింది. బ్యాచ్ నిండింది.

ట్రైనింగ్ మధ్యలో పండుగ కబురు వచ్చింది. పిల్లలు వెళ్లారు. ఖాదర్ భాయ్ మాట మీద నిలబడ్డారు గానీ రోజూ నాకు ఫోన్ చేసి "వస్తరంటవా?" అని ప్రాణం తీశారు. వాళ్లు తిరిగొచ్చిన రోజు ఆయన గేటు దగ్గరే నిలబడి ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకున్నారు. ఒక్కరు కూడా తగ్గలేదు.

తర్వాతి బ్యాచ్ ప్రకటనకు జ్యోతితో వీడియో తీద్దామనుకున్నాను. బంగారు భవిష్యత్తు, సొంత కాళ్ల మీద నిలబడటం, అన్నీ కలిపి నేను మంచి స్క్రిప్టు రాశాను. ఆమె ఒకసారి చదివి తిరిగి ఇచ్చేసింది.

"గిట్ల మా ఊళ్ల ఎవ్వరు మాట్లాడరు మేడం. నేను చెప్త, మీరు తియ్యుండ్రి."

ప్రకటన ఎంత దూరం వెళ్లాలో టార్గెటింగ్ చూసుకుంటుంది. చేరిన చోట ఏ భయానికి జవాబు చెప్పాలో, ఆ భయాన్ని దాటి వచ్చిన మనిషికే తెలుస్తుందని ఆ రోజు నేర్చుకున్నాను. నా క్లాసులో మొదటి పాఠంగా ఇప్పటికీ ఆ వీడియోనే చూపిస్తాను. జ్యోతి ముందు కోయలో, తర్వాత తెలుగులో చెప్పింది. నేను ఒక్క మాట కూడా కత్తిరించలేదు.

"నేను కుంజా జ్యోతిని. ఇక్కడ కడుపు నిండ అన్నం పెడతరు. పండుగకు ఇంటికి పంపిస్తరు. రాత్రి పండుకునే గదికి గడియ లోపటి దిక్కు ఉంటది. మేమే పెట్టుకుంటం, మేమే తీసుకుంటం."