బావికి బయటి వైపు

పత్తికొండ దగ్గర మా చేలో ఒక కపిల బావి ఉండేది. ఎద్దులు తోలుబొక్కెన లాగి నీళ్ళు తోడిన కాలం నాటిది. మా నాయనా, ఆయన అన్నా మీసాలు మొలిచే వయసులో తవ్విన బావి. మొదట్లో కూలీలు ఉన్నారట గానీ, రాయి తగిలాక ఒక్కొక్కరే మానుకున్నారట. చివరికి అన్నదమ్ములిద్దరే మిగిలారని మా ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. నాకు ఊహ తెలిసేసరికే నీళ్ళు అడుగంటాయి. తర్వాత బోర్లు వచ్చాయి. మా తమ్ముడు బోరు కిందే టమోటా పండిస్తున్నాడు. బావి మాత్రం చేను మధ్య నోరు తెరుచుకుని అట్లాగే ఉండిపోయింది.

పోయిన ఎండాకాలం అందులో మేకపిల్ల పడి చచ్చిపోయింది.

"రేపు పిల్లోళ్ళు పడితే ఎవురు జవాబు చెప్పేది? పూడ్చేద్దాం అన్నా" అన్నాడు తమ్ముడు.

సరేనన్నాను. నాయనను అడిగితే "మీ ఇష్టం" అని మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు.

నేను కర్నూలులో ఒక పాలిటెక్నిక్ కాలేజీలో సర్వే పాఠాలు చెబుతాను. ఒక వస్తువును అన్ని పక్కల నుంచీ ఫోటోలు తీస్తే, కంప్యూటర్ వాటిని ఒకదానితో ఒకటి పోల్చి దాని ఆకారాన్ని మొత్తంగా కట్టగలదని పిల్లలకు ఏటా చెబుతాను గానీ, నా చేత్తో ఎప్పుడూ చేసి చూడలేదు. పూడ్చే ముందు బావిని అట్లా దాచుకుందామనిపించింది. ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం, ఎండ నేరుగా అడుగు దాకా దిగే వేళ చూసుకుని, గోడలోంచి పొడుచుకొచ్చిన మెట్టురాళ్ళ మీద కాళ్ళు పెట్టుకుంటూ దిగాను. నడుముకు కట్టిన మోకు పైన తమ్ముడి చేతిలో ఉంది. ఒక్కో మెట్టు దగ్గర ఆగి, చుట్టూ తిరిగి ఫోన్‌తో ఫోటోలు తీశాను. అడుగున చల్లగా ఉంది. తలెత్తి చూస్తే ఆకాశం పళ్ళెమంత కనిపించింది.

ఆ వారమే నాయన మోకాళ్ళ నొప్పులు చూపించుకోవడానికి కర్నూలు వచ్చి మా ఇంట్లో దిగాడు. సెలవు రోజు పొద్దున్నే నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఫోటోలన్నీ అందులోకి ఎక్కించాను. బావి కట్టే ప్రోగ్రామ్ తెరిచాను. గ్రాఫిక్స్ కార్డు కనిపించడం లేదు, పని మొదలుపెట్టలేను అంది.

నా ల్యాప్‌టాప్‌లో బొమ్మలు గీయడానికే వేరుగా ఒక చిప్పు ఉంది. అది చూసుకునే కొన్నాను. సెట్టింగుల్లోకి వెళ్ళి చూస్తే దాని పేరు పక్కన పసుపుపచ్చ త్రికోణం, లోపల ఆశ్చర్యార్థకం. ముందురోజు ఏదో అప్‌డేట్ దానంతట అదే ఎక్కింది. దాంతో ఆ చిప్పును నడిపించే డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ చెడిపోయినట్టుంది. సరే, కొత్తది ఎక్కిద్దామని చిప్పు చేసిన కంపెనీ సైట్ నుంచి డ్రైవర్ దింపుకుని నడిపించాను. పచ్చగీత సగం దాకా పాకింది. తెర రెండుసార్లు ఆరి వెలిగింది. ఇన్‌స్టాలేషన్ విఫలమైంది అని వచ్చింది. ఎందుకో చెప్పలేదు.

ల్యాప్‌టాప్ ఆపి మళ్ళీ వేశాను. అదే మాట. యాంటీవైరస్ ఆపి చూశాను. పాత వెర్షన్ దింపి చూశాను. పాత డ్రైవర్‌ను పీకేసి చూశాను. పీకేసినప్పుడు అక్షరాలన్నీ గుమ్మడికాయలంత అయ్యాయి, ప్రోగ్రామ్ కిటికీ సగం కూడా తెరలో పట్టలేదు. ఆ లావు అక్షరాలతోనే తంటాలు పడుతుంటే నాయన కర్ర చప్పుడు చేసుకుంటూ వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"ఏమప్పా, పొద్దున్నుంచి ఆ పెట్టెతో ఏం కొట్లాడతాండావు?"

"మన బావి దీంట్లో ఉండాది నాయనా. బయటికి రావడం ల్యా."

ఆయన నవ్వలేదు. వంగి తెరను చూశాడు. "బావి దీంట్లోకెట్ల పాయ?"

ఫోటోలు చూపించాను. ఒక్కొక్కటీ చూసి, "ఇవి గోడలు గదా. బావి యాడుండాది?" అన్నాడు. నిజమే. ఏ ఫోటోలోనూ బావి లేదు. గోడలో జానెడు ముక్కో, మూరెడు ముక్కో ఉంది. ఆ ముక్కలన్నీ కలిస్తేనే బావి అని, కలపడానికి లోపలున్న చిప్పు కావాలని చెప్పాను. అందులో వేలమంది కూలీల్లాంటివాళ్ళు ఉంటారని, అందరూ ఒక్కసారే తలా ఒక చుక్క పట్టుకుని పనిచేస్తారని, వాళ్ళకు పని చెప్పే మేస్త్రీ లాంటిది డ్రైవర్ అని, ఆ మేస్త్రీ చేరడం లేదని చెప్పాను.

"అంతమందీ ఇంత పెట్టెలోనే?"

"దీంట్లో కూడా ఒక మూల. గోరంత జాగాలో."

నాయన ల్యాప్‌టాప్ అంచు మీద తన బొటనవేలి గోరు ఆనించి చూసుకున్నాడు. నాకూ అప్పుడే తట్టింది, ఇన్నేళ్ళుగా దీన్ని వాడుతూ ఆ గోరంత జాగాను నేను ఒక్కసారైనా తలుచుకోలేదని.

నా భార్య కడప మనిషి. ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. రోజంతా సూక్ష్మదర్శినిలోకి చూసే మనిషి కనుక, ఎదురుగా జరిగేది వదిలిపెట్టదు. ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తూ వెనక నిలబడి, నేను డ్రైవర్ పీకేయడం, పెట్టడం, తిట్టుకోవడం చూస్తోంది.

"మీరేం ముట్టుకోకుండా కొంచేపు గమ్మునుండండి" అంది.

చేతులు కట్టుకుని కూర్చున్నాను. లావు అక్షరాలతో తెర నిమ్మళంగా ఉంది. కాసేపటికి దానంతట అదే ఒకసారి ఆరి వెలిగింది. అక్షరాలు సన్నబడ్డాయి. వెళ్ళి చూస్తే పసుపు త్రికోణం మళ్ళీ వచ్చి కూర్చుంది.

"చూసినారా? మీరు తీసేస్తాండారు, అది నెట్టు నుంచి మళ్ళా తెచ్చి పెట్టుకుంటాంది. మీరొకటి పెడతాంటే అదొకటి పెడతాంది. ఇద్దరూ ఒకే గుంతలో గుంజ నాటితే ఏది నిలుస్తాది?"

నేను పొద్దుటి నుంచీ ఓడిపోతున్నది నా చెయ్యి పడకుండా వెనకాల నడుస్తున్న అప్‌డేట్‌తోనని అప్పుడు అర్థమైంది. మొత్తం మొదటి నుంచి మొదలుపెట్టాం. చిప్పు కంపెనీ సైట్ వదిలేసి, ల్యాప్‌టాప్ చేసిన కంపెనీ సైట్‌లో సరిగ్గా నా మోడల్‌కు ఇచ్చిన డ్రైవర్ దింపాను. ఆమె వెళ్ళి వైఫై పెట్టె స్విచ్చి ఆపింది. సేఫ్ మోడ్‌లోకి వెళ్ళాను. అక్కడ ల్యాప్‌టాప్ అత్యవసరమైనవి తప్ప ఏవీ నడపదు. పాత డ్రైవర్‌ను పీకేటప్పుడు, దాని ఫైళ్ళు కూడా తుడిచెయ్యమనే చోట టిక్కు పెట్టాను. ఇంతకుముందు ఆ టిక్కు పెట్టనేలేదు. మామూలుగా మళ్ళీ తెరిచి, నెట్టు లేకుండానే కొత్త డ్రైవర్ నడిపించాను.

పచ్చగీత సగం దాటింది. అప్పుడు తెర మొత్తం నల్లబడింది.

ఈసారి వెంటనే వెలగలేదు. నా భార్య చేతిలోని చిక్కుడుకాయ ఒలవడం ఆపింది. నాయన నా మొహం చూస్తున్నాడు. నల్లటి తెరలో మా ముగ్గురి నీడలే కనిపిస్తున్నాయి. లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది కాబట్టి చావలేదని నాకు నేను చెప్పుకున్నాను. స్విచ్చి నొక్కబోయిన నా చేతిని ఆమె పట్టుకుంది.

తెర వెలిగింది. అక్షరాలు సూదితో గీసినట్టు ఉన్నాయి. పసుపు త్రికోణం లేదు.

ప్రోగ్రామ్ తెరిస్తే ఈసారి నోరెత్తకుండా పని మొదలుపెట్టింది. ఫ్యాను గాలివానలా మోగసాగింది. నాయన ల్యాప్‌టాప్ పక్కన అరచెయ్యి పెట్టి వేడిగాలి చూసుకున్నాడు. "పని చేస్తాండారు" అన్నాడు మెల్లగా, ఎవరినో నిద్ర లేపకూడదన్నట్టు.

భోజనాలయ్యాయి. నాయన పడుకోలేదు. తెర మీద మొదట జొన్నలు చల్లినట్టు చుక్కలు వచ్చాయి. అవి ఏమిటో ఎవరికీ తెలియలేదు. చుక్కలు చిక్కబడ్డాయి. ఒకచోట మెట్టురాయి పోలిక వచ్చింది. దాని కింద ఇంకొకటి. ఎండ వాలే వేళకు పని పూర్తయిందన్న మాట కనిపించింది. నేను మౌస్ పట్టుకుని బొమ్మను తిప్పాను.

బావి పైనుంచి కనిపించింది. దిగాం. గోడలు మా చుట్టూ లేచాయి. ఉలి పోట్లు, పగుళ్ళు, అడుగున ఎండిన చెత్త, అన్నీ ఉన్నాయి. నా భార్య కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంకా కిందికి వెళదామని మౌస్ కొంచెం ఎక్కువ కదిపాను. గోడలోంచి జారి అవతలికి పడ్డాం.

అప్పుడు చూశాం దాన్ని. ప్రోగ్రామ్‌కు మట్టి తెలియదు. నేను మట్టి ఫోటో తీయలేదు కదా, గోడ ఫోటోలే తీశాను. అందుకని అది గోడను మాత్రమే కట్టింది. మా బావి ఖాళీలో ఒంటరిగా, ఒక పొడుగాటి కుండలా నిలబడి ఉంది. పైన వెడల్పు, నడుమ కొంచెం వంకర, అడుగున సన్నం. ఆ వంకర ఎవరికీ ఎప్పుడూ తెలియదు. లోపల ఉన్నవాళ్ళకు తెలియదు, పైనున్నవాళ్ళకు తెలియదు. బావికి బయటి వైపు ఒకటి ఉంటుందని నేను ఈ వయసు దాకా ఊహించలేదు.

నాయన లేచి నిలబడ్డాడు, కర్ర లేకుండా.

"ఇదేందప్పా… చుట్టూ ఉండే మన్నంతా యాడికి పాయ?"

ఆయన తెరకు దగ్గరగా వచ్చి, వేలు ఆనించకుండా, ఆ వంకర పొడుగునా గాలిలోనే చెయ్యి నడిపాడు.

"ఈడ మాకు రాతిగుండు తగిలె. పగలగొట్టలేక పక్కకు జరిగినాం. నేరుగానే పోతాండామనుకుంటిమి." చేతిని మళ్ళీ పైనుంచి కిందికి నడిపాడు. "ఇంత వంగిండాదా."

తర్వాత లోపలికి తీసుకుపొమ్మన్నాడు. ఉత్తరం గోడ దగ్గర ఆపమన్నాడు. అక్కడ రాతిలో ఒక చీలిక.

"జల పడింది ఈడనే. మా అన్న గోడ మీద చెయ్యి పెట్టి, సల్లగుండాదిరా అన్న్యాడు. నేను నమ్మల్యా. తానే సమ్మెటతో కొడితే బుస్సుమని వచ్చె. ఆయప్ప సమ్మెట పారేసి దానికి నోరు పెట్టి తాగినాడు, ఎదంతా తడిసిపాయ."

మా పెదనాయన పోయి చాలా ఏళ్ళయింది. ఈ మాట నేను అంతకుముందు వినలేదు.

"అంత లోతులో భయం కాలేదా మామా?" అని అడిగింది నా భార్య.

"లోపలుండేటోనికి భయం యాడిది పాపా? భయమంతా పైన మోకు పట్టుకున్నోనికే" అన్నాడు.

కిటికీలో వెలుతురు తగ్గేదాకా ఆయన దాన్ని తిప్పించుకుంటూనే ఉన్నాడు. ఒకసారి పక్కకు పడుకోబెట్టమన్నాడు, ఒకసారి తలకిందులు చెయ్యమన్నాడు. తలకిందులు చేస్తే గోపురంలా కనిపించింది. చాలనుకున్నాక కుర్చీలో కూలబడి, "ఇంగ పూడ్చమను వాణ్ణి" అన్నాడు. నేను ఆయన మొహం చూశాను. దిగులేమీ లేదు. "శానా బాగా చూస్తిమి. పిల్లోళ్ళు తిరిగే జాగా అది. పూడ్చమను."

వానలకు ముందు పూడ్చారు. ఆ రోజు నేనూ వెళ్ళాను. గనుల దగ్గరి రాతిపొడి, చెరువు మట్టి తెప్పించాడు తమ్ముడు. మధ్యాహ్నానికి నిండిపోతుందని వాడి అంచనా. ప్రోగ్రామ్ కొలిచిన ప్రకారం అంతకు రెండింతలు పడుతుందని చెబితే, "నీ కంప్యూటరుకు మన బావి సంగతి ఏం తెలుసు అన్నా" అన్నాడు. టిప్పర్లు వస్తున్నాయి, కుమ్మరిస్తున్నాయి, వెళుతున్నాయి. మధ్యాహ్నమైంది. తొంగి చూస్తే సగం కూడా రాలేదు. డ్రైవర్లు ఇంకా ఎంతని అడగడం మొదలుపెట్టారు. తమ్ముడు ఫోన్ తీసి ఇంకా మట్టి పంపమని ఎవరికో చెబుతూ చేను గట్టు మీద అటూ ఇటూ నడుస్తున్నాడు.

నాయన వేపచెట్టు నీడలో మంచం వేయించుకుని కూర్చున్నాడు. టిప్పర్ వెనక భాగం పైకి లేచి, అంత మట్టీ ఒక్కసారిగా జారి, దుమ్ము లేచి, మళ్ళీ ఖాళీయే కనిపించిన ప్రతిసారీ ఆయన కళ్ళు వెడల్పవుతున్నాయి.

"ఇంత మన్ను మేము ఎత్తిపోసినామా?" అన్నాడు నాతో. "తట్టలతో?"

తన రెండు అరచేతులూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఇంకో టిప్పర్ మలుపు తిరిగి చేలోకి దిగింది.