ఇప్ప చెట్టుకు ఆకొచ్చాక

మాది ప్రైవేటు నెట్‌వర్క్ అని ఎక్కడ చెప్పుకున్నా గొప్పగానే వినిపిస్తుంది. నిజానికి అందులో మావంటూ ఉన్నవి ఐదు ఊళ్ళలో ఐదు డిష్షులే. ఉపగ్రహం వేరెవరిదో, ఎక్కడో పెద్ద నగరంలో కూర్చుని దానితో మాట్లాడే హబ్బు ఇంకెవరిదో. బ్యాంకులూ పెట్రోలు బంకులూ వాడుకునే ఆ హబ్బులో మా వైద్య ట్రస్టుకు ఓ చిన్న వాటా. ఆ వాటాతోనే ప్రతి బుధవారం మా ఐదు ఊళ్ళ నర్సులు భద్రాచలంలోని డాక్టరమ్మకు రోగులను తెర మీద చూపిస్తారు. లైను తెగకుండా చూసుకోవడం నా ఉద్యోగం.

నేను పుట్టి పెరిగింది కిరండూల్ ఇనుప గనుల క్వార్టర్సులో. బ్లాకంతటికీ ఒకే ట్యాంకు. నీళ్ళు రాకపోతే మా అమ్మ ముందు పై అంతస్తువాళ్ళను దులిపేసి, ఆ తర్వాత మా కుళాయి తిప్పి చూసేది. ఆ గుణం నాకు ఉగ్గుపాలతోనే వచ్చింది.

మరైగూడ దగ్గరి ఊళ్ళో డిష్షు పెట్టింది మార్చిలో. అక్కడ నర్సు ఉండే సబ్‌సెంటరు వెనక ఇప్ప చెట్టు ఒక్క ఆకు లేకుండా ఉంది. కొమ్మల సందుల్లోంచి సిగ్నల్ చక్కగా దొరికింది. ఆ చెట్టు మూడు ఇళ్ళ ఉమ్మడి సొత్తు. ఏ కొమ్మ కింద రాలిన పువ్వు ఏ ఇంటిదో అక్కడ అందరికీ తెలుసు. దక్షిణం వైపు కొమ్మ ఒక అవ్వది. పువ్వు ఏరుతున్న ఆ అవ్వ నా డిష్షును చూసి, "ఛత్రీ ఈడ పెట్టకు బిడ్డా, ఆకొస్తది," అంది. అంత దూరం నుంచి దిగే సిగ్నల్‌కు ఆకొక లెక్కా అని నవ్వి ఊరుకున్నాను. ఇంజినీరింగు చదివినదాన్ని కదా.

మే నెలలో బొమ్మ ఆగి ఆగి రావడం మొదలైంది. జూన్ వానలకు పూర్తిగా పోయింది. సరిగ్గా అప్పుడే ఆ అవ్వ మనవరాలికి ఏడో నెల. కాళ్ళు వాచాయి, బీపీ పెరుగుతోంది. ఆస్పత్రికి వెళ్ళమని నర్సు బతిమాలినా, డాక్టరమ్మ చెబితేనే కదులుతానని ఆ పిల్ల మొండికేసింది. ఆ ఊళ్ళో ఫోను కూడా పలకదు. రెండు బుధవారాలు డాక్టరమ్మ తెర మీదికే రాలేదు.

నేను హబ్బు ఇంజినీరు మీద పడ్డాను. మా వాటా కోసి బ్యాంకులకు పోస్తున్నారని అనేశాను. ఆయన పై అధికారికి ఫిర్యాదు కూడా రాశాను. ఆ ఇంజినీరు ఓపిక గల మనిషి. అదే వాటా మీద మీ మిగతా నాలుగు ఊళ్ళూ బాగానే నడుస్తున్నాయి కదా మేడమ్ అని ప్రతిసారీ మెల్లగా అనేవాడు. ఆ మెల్లదనం నాకు ఇంకా మంట. ఆడలేక మద్దెల ఓడు అంటారే, అదీ నా వరస.

మూడో బుధవారానికి ముందు రోజు పొద్దున్నే ఆ ఊరు వెళ్ళాను. కేబులు విప్పుతుంటే వాన దంచడం మొదలుపెట్టింది. పరుగెత్తి ఇప్ప చెట్టు కింద దూరాను. ఒక్క చుక్క మీద పడలేదు. అక్కడే కాయలు ఏరుకుంటున్న అవ్వ నన్ను ఎగాదిగా చూసింది.

"ఏంది బిడ్డా, వానే దిగుతలేదు. నీ సిగ్నల్ ఎట్ల దిగుతది?"

తలెత్తి చూస్తే ఆకాశం లేదు. అంతా ఆకే. సిగ్గుతో చచ్చిపోయాను.

అడ్డొచ్చిన ఆ దక్షిణపు కొమ్మ కొట్టిస్తే పది నిమిషాల పని. మనవరాలి కోసమైతే కొట్టుకోమని అవ్వే అంది కానీ, ఆ మాట అంటూ నా వైపు చూడలేదు. ఏటా ఆమె ఏరుకునేదంతా ఆ కొమ్మ కిందిదే. తప్పు చేసింది నేను, పోవాల్సింది ఆమె కొమ్మా? నాకు మనసొప్పలేదు. ఛత్రీనే జరుపుదామన్నాను. అవ్వ వెంటనే లేచి, తన ఇంటి పక్క కల్లం చూపించింది. అక్కడ నెత్తిన మబ్బు తప్ప ఏమీ లేదు. వాన వెలిశాక మూడు ఇళ్ళవాళ్ళూ వచ్చి గుంత తవ్వి స్తంభం పాతారు. పొద్దు గూకేలోపు బురదలో నిలబడి సిగ్నల్ పట్టాను.

మర్నాడు డాక్టరమ్మ తెర మీద ఆ కాళ్ళు చూసి, ఈ రోజే బయల్దేరమంది. ఆ మాట వినగానే ఆ పిల్ల బండెక్కింది. సంతోషం పట్టలేక నర్సూ నేనూ ఒకరినొకరం వాటేసుకున్నాం. తర్వాత ఫోను పలికే చోటికి వచ్చి హబ్బు ఇంజినీరుకు ఫోన్ చేసి, జరిగింది చెప్పి, క్షమించమన్నాను. ఆయన చాలాసేపు నవ్వి, ఏ చెట్టు మేడమ్ అని అడిగాడు.

మళ్ళీ మార్చిలో వెళ్ళేసరికి అవ్వ చంకలో మునిమనవరాలు ఉంది. చెట్టు కింద అంతా ఏరేశారు గానీ, ఒకచోట మాత్రం చాపంత మేర పువ్వు అలాగే పడి ఉంది. ఎందుకు వదిలేశారని అడిగాను.

"అది నీ వాటా బిడ్డా. ఏరుకో," అంది అవ్వ.

కళ్ళు తుడుచుకుని కూర్చుని ఏరసాగాను. నాలుగు గుప్పెళ్ళు తీశానో లేదో, పక్కింటావిడ వచ్చి, నేను వాళ్ళ కొమ్మ కిందికి జరిగిపోయానంది. నోటిదాకా వచ్చిన మాట మింగి, ముందు తలెత్తి చూశాను. ఆమె చెప్పింది నిజమే.