మిద్దె మెట్లూ, మా చిన్నమ్మ బరువూ

ఆ రోజుల్లో నాకు లోకంలో తూచదగ్గ వస్తువు నా ఒళ్లు ఒక్కటే అనిపించేది. చదువు ముగించి మదనపల్లెలో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో కొత్తగా ఉద్యోగంలో చేరిన కాలం అది. మాది పుంగనూరు. రోజూ బస్సులో వెళ్లి రావచ్చు గానీ, "పిల్ల బస్సుల్లో నలిగిపోతాదిక్కా, నా కాడ పెట్టుకుంటా" అని మా చిన్నమ్మ మా అమ్మతో పోట్లాడి నన్ను వాళ్లింటికి తెచ్చుకుంది. (నలిగేది ఈమె కాదు, పక్క సీట్లో కూర్చున్నోళ్లు అని మా తమ్ముడు అన్నాడు. వాడితో చాలా రోజులు మాట్లాడలేదు.) నేను కాస్త బొద్దుగా ఉండేదాన్ని. ఆ 'కాస్త' ఇప్పుడు పెడుతున్నాను. అప్పట్లో మాత్రం, మదనపల్లెలో నేను నడిచిన రోడ్లన్నీ నా వెనకాల మళ్లీ వేయాల్సి వస్తుందేమో అన్నంత బాధపడేదాన్ని.

మా చిన్నమ్మ పక్కన నిలబడితే నేను పూచికపుల్ల. ఆమె వరండాలోకి వస్తుంటే పడుకున్న పిల్లి లేచి దారిచ్చేది. మనిషి ఎంత బరువో మాట అంత తేలిక, నవ్వు ఇంకా తేలిక. కష్టమంతా మోకాళ్లతోనే. కుర్చీలోంచి లేచిన ప్రతిసారీ రెండు చేతులూ ఆనించి, పళ్లు బిగబట్టి, "ఏ జన్మలో ఏం పాపం చేసినానో, ఈ మనిషిని కట్టుకున్నా" అంటూ లేచేది. 'ఈ మనిషి' మా చిన్నాయన. ఆయనకు టమాటా మార్కెట్లో మండీ ఉంది. ఆమె మోకాళ్లకూ ఆయనకూ సంబంధమేమిటో ఎవరికీ తెలియదు. ఆయన మాత్రం ప్రతిసారీ పేపర్లోంచి తలెత్తి, "నేనేం చేసినానే?" అని అమాయకంగా అడిగేవాడు.

అక్కచెల్లెళ్లలో అందరికంటే పెద్దది మా పెద్దమ్మ. కుప్పంలో ఉండేది. వాళ్లమ్మ మంచాన పడ్డప్పుడు చిన్నమ్మను చంకన వేసుకుని పెంచింది పెద్దమ్మే. సాయంత్రమయ్యేసరికి ఇద్దరూ ఫోన్లో కూరల దగ్గర మొదలుపెట్టి, కూరల దగ్గరికే వచ్చి ఆపేవాళ్లు. పెద్దమ్మ వాళ్లకు కింద అంగడి, మిద్దె మీద ఇల్లు. మెట్లు ఇరుకు, నిటారు, మధ్యలో ఒక మలుపు. ఆ ఏడాది పెద్దమ్మ బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది గానీ, మంచం నుంచి గడప దాకా వాకర్ పట్టుకుని నడవడమే గొప్ప. కిందికి దిగే ప్రశ్నే లేదు. చూసి రావడానికి చిన్నమ్మ నన్ను తోడు తీసుకుని కారులో బయలుదేరింది.

మలుపు దాకా ఎక్కింది. అక్కడ కాళ్లు మొండికేశాయి. నేను కిందినుంచి తోశాను, పెద్దమ్మ కోడలు, అంటే మా వదిన, పైనుంచి లాగింది. ప్రయోజనం లేదు. చిన్నమ్మ మెట్టు మీద కూలబడింది. పైన మంచం మీద పెద్దమ్మ, మలుపులో చిన్నమ్మ, మధ్యలో గోడ. ఒకరి గొంతు ఒకరికి బాగా వినిపిస్తోంది, మనిషే కనబడదు.

"ఏమే, యాడుండావు?"

"మలుపు కాడ కూర్చోనుండానక్కా."

"తిన్నావా?"

"తింటాండా. నువ్వు?"

"నేను పండుకోనుండా."

ఇంట్లో కూర్చుని ఫోన్లో మాట్లాడుకునే మాటలే. వదిన పాపం పప్పన్నం పళ్లేలు పైకొకటి, మలుపుకొకటి మోసుకుంటూ తిరిగింది. తిరుగు ప్రయాణంలో పలమనేరు దాటాక చిన్నమ్మ కారు అద్దం వైపు చూస్తూ, "గొంతు బాగానే ఉండాది. మనిషి ఎట్లయిపోయిందో" అంది. ఆమె అలా నవ్వు లేకుండా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

మదనపల్లెలో మోకాళ్లు చూపిస్తే డాక్టరు చిన్నమ్మను బరువు తగ్గమన్నాడు. ఫిజియోథెరపీ మేడం ఒకామె కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, గడప మీదికి ఎక్కి దిగడం నేర్పింది. నేను, చదువుకున్నదాన్ని కాబట్టి, ఎలక్ట్రానిక్ వెయిట్ మిషన్ కొనుక్కొచ్చాను. ఇక చూడండి, పొద్దున్నే అదొక పూజ. చిన్నమ్మ గాజులు తీసేది, కమ్మలు తీసేది, తలలో పిన్నులు తీసేది. తాళి మాత్రం తియ్యదు కదా, అందుకని దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని గాల్లోకి ఎత్తి నిలబడేది, ఆ బరువు మిషన్ మీద పడకుండా. "చిన్నమ్మా, ఎత్తి పట్టుకున్నా దాని బరువు నీ మీదే ఉంటుంది" అంటే, "నీకేం తెలుసే, పెండ్లి కానిదానివి" అనేది. తర్వాత నేను ఎక్కేదాన్ని. (నేను ఊపిరి బిగబట్టేదాన్ని. గాలి బరువు కూడా ఎందుకు కలపాలని.) మా ఇద్దరి అంకెలూ ఇక్కడ రాయను, చిన్నమ్మ ఒట్టేయించుకుంది.

సాయంత్రాలు కాలేజీ గ్రౌండులో నడిచాం. రాగిసంగటి ముద్ద చిన్నదైంది. కుర్చీలోంచి లేచాం, కూర్చున్నాం, మళ్లీ లేచాం. నెల గడిచింది, ఇంకో నెలా గడిచింది. ఆ దరిద్రపు మిషన్ మాత్రం మొదటి రోజు ఏ అంకె చూపించిందో దానిచుట్టూనే తచ్చాడుతోంది. చిన్నమ్మకు దానిమీద నమ్మకం పోయింది.

"ఇది దొంగ మిషనమ్మే. మండీలో కాటా మీద సూస్తాం పా. టన్నులు తూసేది, అది అబద్ధం సెప్పదు" అంది.

నేనూ వెళ్లాను, ఎందుకంటే నా అంకె ఇంకా అన్యాయంగా ఉంది. ఆదివారం పొద్దున మార్కెట్ కిటకిటలాడుతోంది. ఎర్రగా క్రేట్లు, లారీలు, అరుపులు. చిన్నాయన మమ్మల్ని చూసి, విషయం విని, నెత్తి పట్టుకున్నాడు. అయినా యజమాని భార్యను కాదనేదెవరు? హమాలీలు కాటా మీది క్రేట్లు దించేశారు. చిన్నమ్మ చెప్పులు విడిచి, తాళి ఎత్తి పట్టుకుని గంభీరంగా ఎక్కింది. చుట్టూ ఉన్న మగవాళ్లందరూ ఒక్కసారిగా ఆకాశంలోకి చూడటం మొదలుపెట్టారు. గుమాస్తా ఒక్కడికే గత్యంతరం లేదు. అతను అంకె చూశాడు, చిన్నమ్మ ముఖం చూశాడు, అలవాటైన దారి పట్టాడు. (మార్కెట్లో రైతు సరుకు తూచినప్పుడు మెత్తబడిన కాయలకని కొంత తీసేస్తారు, దాన్ని తరుగు అంటారు.) "తరుగు తీసేస్తే తక్కువే ఉండాదిమ్మా" అన్నాడు వినయంగా. ఎవరో దూరంగా దగ్గారు. ఇంకెవరో లారీ వెనక్కి పరుగెత్తి, అక్కడ నవ్వుకున్నారు. ఆ తర్వాత నేను ఎక్కనన్నాను. చిన్నమ్మ నన్నూ ఎక్కించింది.

ఇంటి మిషన్ నిజమే చెబుతోందని తేలిపోయింది. చిన్నమ్మ దాన్ని కాలితో మంచం కిందికి తోసేసింది. నడక మానలేదు గానీ, నడకలో మాట తగ్గింది. "యాల ఈ అగసాట్లు? నా మొకానికి మా అక్కను సూసే రాత లేదు" అంది ఒకరోజు. నేనేం ధైర్యం చెప్పగలను? నా జీన్స్ నడుము దగ్గర వదులైందని గమనించి కూడా, కంపెనీ వాళ్లు సరిగా కుట్టలేదనుకున్న తెలివి నాది.

ముందుగా తేడా కనిపెట్టింది చిన్నాయన. ఒక మధ్యాహ్నం పేపర్ దించి, "ఏమమ్మా, మీ చిన్నమ్మకు నా మీద కోపమా?" అని నన్ను గుసగుసగా అడిగాడు. ఎందుకు చిన్నాయనా అంటే, "లేసేటప్పుడు నన్ను తిట్టడం ల్యా. వారమైంది. ఊరికే లేసి పోతాండాది" అన్నాడు దిగులుగా. నేను నవ్వేశాను, అంతే. అందులో ఉన్న సంగతి నా బుర్రకెక్కలేదు.

తర్వాత రెండు రోజులకే అనుకుంటాను, ఆఫీసు నుంచి వచ్చేసరికి నాలుగు చినుకులు పడుతున్నాయి. ఇంట్లో ఎవరూ లేరు. చిన్నమ్మ వంటింట్లో లేదు, పెరట్లో లేదు. "చిన్నమ్మా!" అని అరిస్తే ఎక్కడో పైనుంచి పలికింది. పరుగెత్తి మిద్దె ఎక్కి చూస్తే, ఏడాది కారానికని పనిమనిషి ఎండబోసి వెళ్లిన మిరపకాయల్ని చిన్నమ్మ వంగి రెండు చేతులా గోనెసంచిలోకి తోస్తోంది.

"సూస్తా నిలబడతావేమే? తడిసిపోతాండాయి, సంచి పట్టు!"

"చిన్నమ్మా, నువ్వు మిద్దె మీదున్నావు."

ఆమె చేతులు ఆగిపోయాయి. చుట్టూ చూసింది. పిట్టగోడ, నీళ్ల ట్యాంకు, పక్కింటి వాళ్ల తీగమీద బట్టలు. ఆ ఇల్లు కట్టిన కొత్తలో ఎక్కిందేమో, మళ్లీ ఆ పైకి వచ్చింది లేదు.

"ఓయమ్మో! నేనెట్లొచ్చినానే ఈడికి?" అంది. అప్పుడు భయం పుట్టుకొచ్చింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మిరపకాయల మధ్య, వానలో, ఇద్దరం పడీ పడీ నవ్వాం. నవ్వుతూనే ఆమె ఏడ్చింది. వాన నీళ్లో కన్నీళ్లో అనడానికి లేదు, మిరపఘాటు అని తర్వాత చిన్నాయనకు చెప్పింది.

ఆ ఆదివారమే కుప్పం బయలుదేరాం. దారిలో పుంగనూరులో అమ్మ కారుకు అడ్డొచ్చి, "ఎంత తగ్గినావే?" అని అడిగింది. "ఏం తగ్గలేదక్కా. వచ్చి సెప్తా" అని చిన్నమ్మ కారు పోనిమ్మంది.

ఎక్కేటప్పుడు నొప్పి తక్కువున్న కాలు ముందు వెయ్యాలని ఫిజియో మేడం చెప్పింది. చిన్నమ్మ గోడమీద అరచెయ్యి ఆనించి, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి, నింపాదిగా ఎక్కుతోంది. వెనక నేను. (పడితే పట్టుకోవడానికట. నిజంగా పడితే ఇద్దరం దొర్లుకుంటూ అంగట్లో సరుకుల మీదికే వెళ్లేవాళ్లం.) మలుపు దగ్గరికి రాగానే పైనుంచి పెద్దమ్మ గొంతు.

"పోదుమే, పోదుం! ఆడే కూర్చో, మాట్లాడుకుందాం!" (కుప్పంలో ఉండీ ఉండీ ఆమె మాటలో సగం అరవం. పోదుం అంటే ఇక చాలు అని.)

చిన్నమ్మ జవాబివ్వలేదు. ఊపిరి మాటలకు ఖర్చు చేసుకునే స్థితిలో లేదు. పైన పెద్దమ్మకు కంగారు మొదలైంది. "ఏమే, పలకవేమే? యాడుండావు? ఏమాయె? ఒసే పిల్లా, నువ్వన్నా పలుకు!" నేను పలకబోతే చిన్నమ్మ వెనక్కి చెయ్యి చాపి నా నోరు మూసింది. ఇంకో మెట్టు. ఇంకోటి. పెద్దమ్మ కేకలు ఏడుపులోకి తిరుగుతుండగా చిన్నమ్మ గడప దాటి మంచం ఎదురుగా నిలబడింది.

పెద్దమ్మ చిక్కిపోయి, దుప్పట్లో ఒక మడతలా ఉంది. చెల్లెల్ని కిందినుంచి పైదాకా, పైనుంచి కిందిదాకా చూసింది. కళ్లు నిండాయి. చివరికి నోరు తెరిచి అన్న మొదటి మాట, "ఏమే, ఇంత లావైపోయినావే!"

"అవునక్కా" అంది చిన్నమ్మ రొప్పుతూ, "ఒక్క కేజీ గూడా తగ్గల్యా." అని అక్క పక్కన మంచం మీద కూర్చుంది. మంచం కిర్రుమంది. ఇద్దరూ ఒకర్నొకరు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. వదిన గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తర్వాత చిన్నమ్మ అక్క తలకు నూనె రాసి జడేసింది. ఎండ పడే కిటికీ దగ్గర కూర్చోవాలని పెద్దమ్మ అంటే, వదిన వెళ్లి వాకర్ తెచ్చేలోపు నేనే ఆమె చంకల కింద చేతులు వేసి లేపి, మెల్లగా నడిపించి కుర్చీలో కూర్చోబెట్టాను. అంతకుముందు వచ్చినప్పుడు ఆ పనికి నేనూ వదినా ఇద్దరం కలిసి కూడా ఆయాసపడ్డాం. ఈసారి పెద్దమ్మ నా మోచెయ్యి తడిమి, "బలమొచ్చిందే నీకు" అంది. నేను సిగ్గుపడి చున్నీ కప్పుకున్నాను. చేతులు లావయ్యాయంటోందనుకున్నాను మరి.

కిటికీ దగ్గర అక్కాచెల్లెళ్లను కూర్చోబెట్టి, పెద్దమ్మ వెనక ఓ పక్కగా నన్ను నిలబెట్టి వదిన ఫోన్లో ఫొటో తీసింది. నాకు పంపింది. కారులో దాన్ని పెద్దది చేసి చూసుకుని, పుంగనూరు వచ్చేలోగా నా వైపంతా కత్తిరించేసి, మిగిలింది అందరికీ పంపాను. చిన్నమ్మ ఆ తర్వాత చాలా ఆదివారాలు ఆ మెట్లెక్కింది. పెద్దమ్మ పోయి ఇప్పుడు కొన్నేళ్లయింది. నాకొచ్చింది అప్పుడే చెరిపేశాను, అసలు ఫొటో వదిన పాత ఫోనుతోనే పోయింది. నేను కత్తిరించిందే చిన్నమ్మ ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకుంది. అందులో అక్కాచెల్లెళ్లిద్దరూ నవ్వుతుంటారు, పెద్దమ్మ భుజం మీద మాత్రం ఎక్కడిదో తెలియని ఒక చెయ్యి ఉంటుంది, నిండుగా, గట్టిగా, నాలుగు మట్టిగాజులతో. వెళ్లినప్పుడల్లా దాన్ని చూస్తూ నిలబడతాను. ఎంత బాగుందో ఆ చెయ్యి. మిగతా పిల్ల కూడా బాగానే ఉండి ఉంటుంది.