ఎర్రర్ రాకుంటే చాలు

హన్మకొండలో నేను పనిచేసిన కంపెనీ చాలా చిన్నది. బట్టల షాపు పైన రెండు గదులు, అంతే. స్కానింగ్ సెంటర్లకు, ఫొటో స్టూడియోలకు ఫైళ్లు దాచుకునే పెట్టెలు తయారుచేసి అమ్మేవాళ్లం. పెట్టె అంటే రెండు డిస్కులు, ఒక మదర్‌బోర్డు, లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్, దాని మీద మేము రాసిన సాఫ్ట్‌వేర్. ప్రతి ఫైలూ రెండు డిస్కుల్లోనూ ఉంటుంది కాబట్టి ఒకటి పోయినా ఫికర్ లేదని మా ఓనరు కస్టమర్లకు చెప్పేవాడు. డిస్కు బాగానే ఉండి, లోపలి ఫైలు మాత్రం చడీచప్పుడు లేకుండా పాడవచ్చని ఆయన ఎవరికీ చెప్పలేదు.

నన్ను ఆ సంగతే పీడించేది. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి రోజూ రైల్లో వస్తూ దాని గురించే చదివేదాన్ని. అడిగినప్పుడు డిస్కు ఏదో ఒకటి ఇస్తుంది. ఇచ్చింది మనం రాసిందేనా అని మా పెట్టె ఎప్పుడూ చూసుకోదు. అలా చూసుకునే ఫైల్ సిస్టమ్‌లు, అంటే డిస్కు మీద ఫైళ్లను అమర్చే ఏర్పాట్లు, ఉన్నాయి, వాటికి మారదామన్నాను. పాత పెట్టెలన్నీ ఖాళీ చేసి మళ్లీ నింపాల్సి వస్తుందని ఓనరు ఒప్పుకోలేదు. సరే, ఉన్నదాని మీదే మనం రాద్దామని నా పక్క సీటు ఇంజనీరును కూడగట్టుకున్నాను. వయసులో నాకంటే కొంచెం చిన్నవాడు, నన్ను అక్కా అని పిలిచేవాడు.

మేము చేర్చింది చెక్‌సమ్. ఫైలును ముక్కలుగా రాసేటప్పుడు, ఒక్కో ముక్కలో ఉన్నదాన్నిబట్టి ఒక చిన్న సంఖ్య లెక్కగట్టి వేరేచోట పెట్టుకోవాలి. చదివేటప్పుడు మళ్లీ లెక్కగట్టాలి. రెండూ కలిస్తే ఇచ్చెయ్యాలి. కలవకపోతే రెండో డిస్కులోని కాపీ చూడాలి. అదీ కలవకపోతే ఈ ఫైలు పాడైందని ఎర్రర్ చూపించి, ఇవ్వకుండా ఆపాలి. చెప్పడానికి ఇంతే గానీ, పెట్టె నెమ్మదించకుండా దాన్ని నడిపించడానికి మా ప్రాణాలు పోయాయి. పాత ఫైళ్లకు ఆ సంఖ్య ఉండదు, కొత్తగా రాసినవాటికే రక్షణ. అయినా విడుదల చేసిన రోజు నేనే మిర్చి బజ్జీలు తెప్పించాను.

కొన్ని వారాలకు ఒక స్కానింగ్ సెంటర్ నుంచి ఫోన్ వచ్చింది. ఒక పేషెంటు సీటీ స్కాన్ తెరుచుకోవడం లేదట. నేనే వెళ్లాను. బయట బెంచీ మీద ఒక నడివయసు ఆమె కూర్చుని ఉంది. ఏటూరునాగారం వైపు నుంచి బస్సులో వచ్చిందట. ఆపరేషన్ చేసే డాక్టరు మొన్నటి స్కాన్ చూస్తానంటే తీసుకుపోవడానికి వచ్చింది. రిసెప్షన్‌లో అమ్మాయి నన్ను చూపించి, "అగో, ఆ మేడమ్ వాళ్ల సాఫ్ట్‌వేర్ తోటే గిట్లయింది" అంది.

ఆమె నన్ను కిందినుంచి మీదిదాకా చూసింది.

"నీ వల్లనేనా బిడ్డా? కూలి ఇడిసిపెట్టి వచ్చిన. మళ్ల రేపు రమ్మంటాన్రు. మళ్ల ఆ మిషిన్ల పండుకోవాలెనట. నీకేం పాపం జేసిన?"

ఏం చెప్పను? నా కోడ్ మీ స్కాన్‌ను పాడుచేయలేదమ్మా, పాడైందని చెప్పింది అనాలా? "జర ఆగమ్మా, చూస్త" అని లోపలికి వెళ్లాను.

చెక్ దాటవేసి ఆ ఫైలును తెరిచాను. బొమ్మ వచ్చింది. కాలేయం మీదుగా అడ్డంగా ఒక బూడిద రంగు చార. సెంటర్ నడిపే డాక్టరు నా భుజం మీదుగా చూసి, "వచ్చింది గదా! ముందే గిట్ల చూపిస్తే అయిపోతుండె. మిగతాదంత మంచిగనే ఉన్నది" అన్నాడు.

"సార్, ఇప్పుడు చార కనబడింది కాబట్టి తెలిసింది. కనబడకుండ మారితే?"

"నా కండ్లు నాకున్నయమ్మా. ఫైల్ ఓపెన్ గావాలె. గంతే."

ఆ చార బొమ్మను మాత్రం నేను బయటికి ఇవ్వలేదు. లోపం ఎక్కడుందో కనుక్కోవడానికి ఎంతోసేపు పట్టలేదు. డిస్కులను మదర్‌బోర్డుకు కలిపే కార్డు. దాని గుండా పోతున్నప్పుడు డేటా అప్పుడప్పుడు మారుతోంది, ఆ మారినదే రెండు డిస్కుల్లోకీ చేరుతోంది. అదే కార్డు మేము అమ్మిన పెట్టెలన్నిటిలో ఉంది. చవకగా దొరికిందని ఓనరు ఒకేసారి తెప్పించినవి అవి. మా కోడ్ రాకముందు రాసిన ఫైళ్లలో ఎన్ని మారాయో ఇక ఎవరికీ తెలియదు.

ఆఫీసుకొచ్చి అంతా చెప్పాను. కనుక్కున్నందుకు ఓనరు సంతోషిస్తాడనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే నవ్వొస్తుంది.

"నీ కోడ్ రాకముందు ఒక్క కంప్లైంట్ వచ్చిందా?" అన్నాడాయన.

"రాలేదు సార్. చూసేది ఏదీ లేకుండె కద."

"మరి? నడిచేదాన్ని ఎందుకు కెలుకుడు? కార్డులన్ని మార్చుకుంట కూసుంటే షట్టర్ దించుకోవాలె. ఎర్రర్ రాకుంటే చాలమ్మా. కస్టమర్‌కు గదే గావాలె."

చెక్ ఆపెయ్యమన్నాడు. నేను ఆపనన్నాను. ఆయన నాతో వాదించలేదు, నా పక్క సీటు వైపు చూశాడంతే. అతను తల వంచుకుని కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు.

"కోడ్ తీసేస్తలేనక్కా. బంద్ చేసి పెడుతాన్న. కావాలన్నోళ్లు ఆన్ చేసుకుంటరు" అన్నాడు.

"ఉన్నదని ఎవరికి ఎరుకని ఆన్ చేసుకుంటరు?"

"నా నౌకరి నాక్కావాలె గదక్కా."

కొత్త వెర్షన్‌తో పాటు కస్టమర్లకు ఒక కాగితం వెళ్లింది. ఫైళ్లు తెరుచుకోని సమస్యను పూర్తిగా పరిష్కరించామని అందులో రాశారు. రాసింది అతనే. ఆ వారమే నేను మానేశాను. సమోసాలు తెప్పించి, శాలువా కప్పి, ఇంత జాగ్రత్త మనిషిని చూడలేదని ఓనరు అందరి ముందూ పొగిడాడు. అతను చప్పట్లు కొట్టాడు. ఇప్పుడు అక్కడ టీమ్ లీడరు అతనే.

నాకు తెలిసిన కస్టమర్లకు నేనే ఫోన్ చేసి కార్డు సంగతి చెప్పాను. మానేసిన మనిషి అక్కసుతో చెబుతోందని అనుకున్నారు. ఒక స్టూడియో ఆయన మొహమాటం లేకుండా ఆ మాటే అనేశాడు. స్కానింగ్ సెంటర్ డాక్టరుకు మాత్రం నేను చేసేలోపే ఆయన నుంచి ఫోన్ వచ్చింది.

"థాంక్స్ తల్లీ. ఇప్పుడు అన్ని ఫైళ్లు టకటక ఓపెనైతానయ్. ఆ రోజు జర కోపంగ మాట్లాడిన, మనసుల పెట్టుకోకు."

"సార్, బాగు చెయ్యలే. ఎర్రర్ చూపించుడు బంద్ చేసిన్రంతే. లోపల కార్డు మార్పించుకోన్రి..."

"మళ్ల మొదలువెట్టినవా!" అని పెద్దగా నవ్వి పెట్టేశాడు.

బెంచీ మీద కూర్చున్న ఆమె మర్నాడు మళ్లీ వచ్చి స్కాన్ చేయించుకుంది. ఈసారి ఫైలు తెరుచుకుంది. అప్పటికింకా చెక్ నడుస్తూనే ఉంది కాబట్టి, ఆపరేషన్ డాక్టరు చేతికి వెళ్లింది సరైన బొమ్మేనని ఖాయంగా చెప్పగలను. నన్ను తిట్టుకుంటూ పోయింది ఆమె ఒక్కతే. ఆ తర్వాత ఆ సెంటర్‌లో స్కాన్ చేయించుకుని సంతోషంగా ఇంటికి పోయినవాళ్ల సంగతి నేను చెప్పలేను.