ఖాకీ చొక్కా, మా అమ్మ కోడిపెట్ట

మా నాటకం సారు పోయారన్న మాట నాకు బస్సు కండక్టర్ చెప్పాడు. పొద్దున్నే కొత్తగూడెం నుంచి వచ్చే బస్సు మా బడి దగ్గర ఆగితే, ఫుట్‌బోర్డు మీద నుంచే, "టీచరమ్మా, మీ సారు పోయిండంట. నిన్న ఖమ్మం దవాఖానాల" అన్నాడు. నేను లోపలికి పోయి పిల్లలతో ఎక్కాలు చెప్పించడం మొదలుపెట్టాను. ఏడో ఎక్కం దగ్గర నేను తప్పు చెప్పాను. పిల్లలు ఆగకుండా చెప్పుకుంటూ పోయారు.

ఆయన కుసుమంచి వైపు రైతు కుటుంబం మనిషి. ములకలపల్లి దగ్గర మా అడవి అంచు బడికి ట్రాన్స్‌ఫర్ మీద వచ్చారు. అలా వచ్చిన పంతుళ్లు దిగిన రోజు నుంచే తిరిగిపోయే దారి వెతుక్కునేవారు. ఈయన సెలవులకు కూడా ఇంటికి పోకుండా మా కోయగూడేలు పట్టుకు తిరిగి మాతో నాటకాలు ఆడించేవారు. సన్నటి మనిషి, దూకుడు నడక, చేతిలో ఎప్పుడూ ఒక పుల్ల. ఎందుకు సారూ అంటే కుక్కల కోసం అనేవారు. ఆ కుక్కలేమో ఆయన వెనకే తోకాడించుకుంటూ నడిచేవి.

నాటకమంటే రంగులూ కిరీటాలూ అనుకునేవాళ్లం. ఈయన సామానంతా ఒక గుడ్డసంచిలో పట్టేది. ఖాకీ చొక్కా, ఈల, తువ్వాలు, అంతే. రాసిన మాటలు ఉండవు, మా బాధ మేమే మా మాటల్లో ఆడాలి. వేషాలు పంచడంలో మాత్రం ఆయనకొక పద్ధతి ఉండేది. "ఎవర్ని చూస్తే నీకు భయమో, ఆ వేషం నీదే" అనేవారు.

నాకు అడవి గార్డంటే భయం. అప్పుడు పదిహేడేళ్లు, పదో తరగతి తప్పి ఇంట్లో ఉన్నాను. గార్డు ఈల వినబడితే మా నాన్న గొడ్డలి చూరులోకి పోయేది, మా అమ్మ కోడి బయటికొచ్చేది. అడవి కొట్టి సాగు చేసుకున్న మా పోడు చెలక మీద కేసు రాయకుండా ఉండాలంటే కోడి ఇవ్వాలి. ఎవరు పెట్టారో తెలియదు, అలవాటై కూర్చుంది. అలా ఖాకీ చొక్కా నాకు పడింది.

మొదటి ఆట మా గూడెంలోనే, మధ్యాహ్నం పూట. మోకాళ్ల దాకా వేలాడే చొక్కా తొడుక్కుని ఈల ఊదుతూ వచ్చాను. జనం నవ్వుతున్నారు. ముందు వరసలో కూర్చున్న మా అమ్మ లేచి గబగబా ఇంటికి పోయింది. నా ఆట నచ్చలేదేమో అనుకున్నాను. తిరిగొచ్చేసరికి ఆమె చంకలో కోడిపెట్ట ఉంది. నేరుగా నా ముందుకొచ్చి, తల వంచుకుని, దాన్ని నాకు అందించింది. కన్న కూతురికి!

అందరూ పడీపడీ నవ్వారు. సారు ఒక్కరే నవ్వలేదు. దగ్గరికొచ్చి, "అక్కా, ఈమె నీ బిడ్డే గదా?" అన్నారు.

"అవ్, నా బిడ్డే."

"మరి కోడెందుకు తెచ్చినవ్?"

అమ్మ చొక్కా వైపు చూసింది. "ఏమో సారూ. ఈల ఇనపడంగనే కాళ్లు గట్లనే పోయినయ్."

నవ్వులు ఆగిపోయాయి. నాకైతే చచ్చేంత సిగ్గేసింది. ఎందుకంటే అమ్మ అందించేసరికి నా చెయ్యి కూడా చాచే ఉంది.

"రేపటి సంది ఈ కోడి గూడ మనతోనే తిరుగుతది" అన్నారు సారు. అమ్మకు వేరే వేషం ఇవ్వలేదు, అమ్మగానే ఆడమన్నారు. ఊరూరా ఆడాం, జూలూరుపాడు సంతలో కూడా. ప్రతి ఆటలో నేను చెయ్యి చాచాలి. ఇవ్వడమా మానడమా అన్నది అమ్మ ఇష్టం. అమ్మ ప్రతిసారీ ఇచ్చేసేది. నాకు ఒళ్లు మండేది. "మీరన్నా చెప్పండి సారూ" అంటే, "నేను చెప్తే అది నా మాటయితది. ఆమె మాట ఎట్లయితది?" అనేవారు.

తర్వాత ఒకనాటి పొద్దున అసలు గార్డే వచ్చాడు. సారు మా ఇంటి ముందు కూర్చుని జావ తాగుతున్నారు. ఈల వినగానే అమ్మ కోడిని పట్టుకుంది. గార్డు చెయ్యి చాచాడు. అమ్మ సారు వైపు చూసింది. నేనూ చూశాను. సర్కారు బడి పంతులు, ఒక్క మాటంటే చాలు. ఆయనేమో తల వంచుకుని పుల్లతో నేల మీద గీతలు గీస్తున్నారు. ఇంత పిరికివాడా అనుకున్నాను. దాచడమెందుకు, అసహ్యం కూడా వేసింది.

అమ్మ కోడిని రొమ్ముకు హత్తుకుంది. "గుడ్లు పెట్టే కోడి దొరా. ఇయ్య" అంది, మెల్లగానే.

"ఏందే, కేసు రాయాల్నా?"

"రాసుకో. ఏం రాసినవో మా బిడ్డ సదివి చెప్తది."

గార్డు చూరులోంచి గొడ్డలి లాక్కుని పోయాడు. కేసు మాత్రం రాయలేదు. మూడో రోజు అమ్మ ఇంకో ముగ్గురు ఆడవాళ్లను వెంటేసుకుని ఫారెస్టు ఆఫీసుకు పోయి ఆ గొడ్డలి అడిగి తెచ్చుకుంది.

ఆ పొద్దున గార్డు అటు తిరగగానే నేను సారు మీద పడ్డాను. "ఒక్క మాటన్నా అనకపోతిరి!"

ఆయన గిన్నె కింద పెట్టారు. "నేను లేస్తే ఇయ్యాల కోడి దక్కేది. నేను లేన్నాడు మీ అమ్మ మల్ల కోడి తెస్తది బిడ్డా" అని, సంచి భుజానేసుకుని బడికి వెళ్లిపోయారు. ఆ మాట నాకు ఎక్కడానికి చాలా ఏళ్లు పట్టింది. ఈలోపు నన్ను కూర్చోబెట్టి పది పాస్ చేయించింది కూడా ఆయనే.

సారు పోయారని సాయంత్రం అమ్మకు చెప్పాను. "బయటి నుంచి వచ్చినోళ్లల్ల నా కోడి తినంది ఆయనొక్కడే. ఎన్నిసార్లు కొయ్యబోయినా వద్దనె" అని కళ్లు తుడుచుకుంది.

ఒక్క సంగతి మాత్రం ఆయనకు చెప్పకుండానే ఉండిపోయాను, మీకు చెబుతున్నాను. ఆ పొద్దున ఆయన వెళ్లాక గిన్నె తీద్దామని పోయాను. మిగిలిన జావ అలాగే ఉంది. పక్కన గీతలు నాగటి చాళ్లంత లోతుగా ఉన్నాయి. పుల్ల రెండుగా విరిగి, సగం ముక్క నేలలో దిగబడి ఉంది. అమ్మ వదిలేసిన కోడిపెట్ట దాని చుట్టూ తిరుగుతూ మట్టి కెలుకుతోంది.