పిట్ట ముట్టని చీజు

మా పెద్దబాపు పోయాడు. నిజామాబాద్‌లో ఎవడికీ మంచి చాయ్ పెట్టడం రాదని తిడుతూ, చాయ్ తాగుతూనే పోయాడట. ఆయనకు తగ్గ చావే. మూడో రోజు కాలువ గట్టు మీద విస్తరి వేసి పిట్టకు పెట్టాం. కాకి ముట్టలేదు. ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలినట్టు. పెద్దమ్మ ఏడుపు మొదలుపెట్టింది.

కోరికలకు ఆయనకేం కొదవ? అరవైల్లో గంజ్ దగ్గర దుకాణం పెట్టాడు. బొంబాయి రేవులో దిగిన హాలెండు చీజు, డెన్మార్కు పాలపొడి తెప్పించి బోధన్ చక్కెర ఫ్యాక్టరీ దొరల బంగళాలకు అమ్మేవాడు. ఆ దొరసానులు అతిథుల ముందు మురిసిపోతూ చీజు కోసేవారు, వాళ్లు వెళ్లగానే కుక్కకు వేసేవారు. కుక్క కూడా వాసన చూసి వదిలేసేదని వాళ్ల వంటమనిషే చెప్పేవాడు. అయినా కొనడం మానలేదు. గొప్ప అంటే అదే మరి.

పెద్దబాపు వాళ్లకంటే రెండాకులు ఎక్కువే చదివాడు. "మన పెరుగు పొద్దున తోడుకుంటే మాపటికి పులుస్తది. గదేమో సముద్రం దాటొచ్చినా గట్లనే ఉంటది," అని మూతి తిప్పేవాడు.

"పాణమున్నది పులుస్తది బావా. సచ్చినదానికి పులుపెక్కడిది?" అనేది మా అవ్వ, అంటే మా అమ్మ, ఆయన తమ్ముడి భార్య. గోడ ఇవతలి ఇల్లు మాది. ఆమె తోడుపెట్టిన పెరుగే రెండిళ్లకూ.

మా అక్క పెళ్లిలో బంగళావాళ్లు బంతికి కూర్చున్నారు. అవ్వ పెరుగు కుండను పెద్దబాపు అందరి ముందు బయట పెట్టించాడు. "గీ కంపు గీళ్ల ముంగట పెడ్తవా?" అన్నాడు. వాళ్లు నవ్వారు. ఆనాటి నుంచి అవ్వ పెరుగు గోడ దాటలేదు.

తర్వాత ఆయన తిప్పలు చూడాలి. అవ్వ చల్ల చిలికే వేళకు గోడ అవతల నిలబడి దగ్గేవాడు. "పిల్లలు మంచిగున్నరా?" అనేవాడు. మేమేమో ఆయన వాకిట్లోనే ఆడుకుంటూ ఉండేవాళ్లం. అడిగితే గిన్నెడు పెట్టేదే. ఆయన అడగలేదు, అవ్వ పిలవలేదు. ఇద్దరూ ఇద్దరే.

నన్ను కాలేజీలో చదివించింది మాత్రం ఆయనే. ప్రతిదానికీ గొప్పలు చెప్పుకున్న మనిషి ఆ ఒక్క మాట ఎవరితోనూ అనలేదు.

గట్టు మీద ఆయన కొడుకు విస్తరిలో చీజు ముక్క కూడా పెట్టాడు, బాపుకు ఇష్టమని. కాకులు తుమ్మ కొమ్మ మీద కూర్చుని చూశాయి. "నీ దుకాణం నడిపిస్త బాపూ," అని మొక్కాడు. ఒక్కటీ కదల్లేదు. ఎండ ఎక్కింది. పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

అవ్వ ఇంటికి పోయి పెరుగు గురిగి తెచ్చింది. అన్నం మీద గుమ్మరించింది. మమ్మల్నందరినీ అటు తిరగమంది.

"తిను బావా," అంది. "ఎవ్వలు సూస్తలేరు."

వెనక రెక్కల చప్పుడైంది. మేం తిరిగి చూసేసరికి విస్తరిలో చీజు ముక్క ఒక్కటే ఉంది.