చిక్కుడు పందిరికి పొగాకు నీళ్లు

బొగ్గు బావిలో నా ఉద్యోగం, షిఫ్టుకు దిగేవాళ్ల ముందు నిలబడి భద్రత గురించి చెప్పడం. టోపీ లేకుండా వచ్చినవాణ్ణి గేటు నుంచే ఇంటికి పంపించిన రోజులున్నాయి.

కిందటి చలికాలం మా క్వార్టరు వెనక చిక్కుడు పందిరికి పేనుబంక పురుగు పట్టింది. బజారు మందు నా పెరట్లోకి రానివ్వనని అప్పటికే నలుగురిలో గొప్పగా చెప్పి ఉన్నాను. అందుకని ఫోనులో ఎవరో చెప్పింది చూసి, పొగాకు కాడలు తెచ్చి, ఉడకబెట్టి వడగట్టాను.

"చేతులకు కవర్లన్న కట్టుకోండ్రి" అంది మా ఆవిడ.

"ఇది ఆకు. మందు గాదు" అన్నాను.

బనియను మీద, వట్టి చేతులతో, ఎదురుగాలికి నిలబడి, వీపుకు తగిలించుకున్న పంపుతో కొట్టాను. మూత సరిగా బిగించలేదేమో, కషాయం వీపు మీదుగా కారుతూనే ఉంది. ఘాటుకు నా కళ్లే మండుతుంటే, పురుగుల గతి ఏమిటా అని సంతోషపడ్డాను. అరగంటకు తల తిరిగింది. చల్లటి చెమటలు, వరుసగా వాంతులు. మా ఆవిడ ఆటో పిలిచింది.

దవాఖానలో ఏమైందని అడిగితే ఆమె కంగారులో "పురుగుల మందు" అనేసింది. అలాంటి కేసులు అక్కడ కొత్త కాదు. డాక్టరు ఆమెను పక్కకు పిలిచి ఇంట్లో గొడవలున్నాయా అని అడిగాడు. నాకు రోషం వచ్చింది.

"మందు తాగలే సార్, కొట్టిన" అన్నాను.

"ఎన్ని పెగ్గులు?" అన్నాడు.

చివరికి మా ఆవిడే చిక్కుడు సంగతి విడమరిచి చెప్పింది. బనియను తీయించి, ఒళ్లంతా సబ్బుతో కడిగించి, సెలైన్ పెట్టి, ఒక రోజు ఉంచుకున్నారు. పొగాకు విషం చర్మంలోంచే ఒంట్లోకి దిగుతుందనీ, ఆకు నుంచి వచ్చినంత మాత్రాన మనిషిని వదిలిపెట్టదనీ డాక్టరు చెప్పాడు. నేను షిఫ్టు ముందు మాట్లాడే గొంతుతోనే చెప్పాడు.

నాకంటే ముందే కబురు కాలనీకి చేరింది. పక్క క్వార్టరు పెద్దాయన, ఫిట్టరుగా చేసి రిటైరైన ముసల్మాను, వచ్చి నా మంచం పక్కన కూర్చున్నాడు.

"ఫికర్ ఎవరికి ఉండది తమ్మీ. మనసుల ఏమున్నా నాకు చెప్పు" అన్నాడు.

చిక్కుడు గురించి మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ జాలిగా తలూపాడు.

నేను లేచి తిరిగాక ఆయనే వేపనూనె సీసా తెచ్చాడు. తన గులాబీలకు ఏళ్లుగా అదే కొడుతున్నాడట. లీటరు నీళ్లకు చిన్న చెంచాడు నూనె, కాస్త సబ్బునీళ్లు. ముందు రెండాకుల మీద కొట్టించి, మర్నాడు మాడలేదని చూశాకే మిగతా పందిరికి ఒప్పుకున్నాడు. అదీ ఎండ దిగి, తేనెటీగలు వెళ్లిపోయాక, గాలి నా వెనక ఉండేలా. నిండు చేతుల చొక్కా, చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ, కళ్లద్దాలు. అన్నీ దగ్గరుండి వేయించాడు.

"గిది గూడ కండ్లల్ల పడొద్దు, కడుపుల పడొద్దు" అన్నాడు. రెండో మాట దగ్గర నా ముఖంలోకి చూశాడు. పని అయ్యాక సీసా తన ఇంటికే పట్టుకుపోయాడు. వారానికోసారి గోడ మీదుగా చెంచాడు నూనె అడిగి తెచ్చుకునేవాణ్ణి.

రెండు రోజులైనా పురుగులు చావలేదని గొణిగాను. మూడోసారి కొట్టాక కొత్త చిగుళ్లు శుభ్రంగా వచ్చాయి. పొగాకు తగిలిన కాయలన్నీ మా ఆవిడ అప్పటికే కోసి గుంతలో పూడ్చేసింది. తర్వాత కాసినవాటిలో మొదటి బుట్ట కడిగి పెద్దాయన ఇంటికి పంపింది.

మర్నాడు ఆయన ఖాళీ బుట్టతో వచ్చాడు. కూర మస్తుగుందన్నాడు. మా ఆవిడ లోపలికి వెళ్లేదాకా ఆగి, "నిద్ర మంచిగ పడుతుందా తమ్మీ?" అని అడిగాడు.